గేటు దాటే చెత్త: డెల్టా అపార్ట్‌మెంట్ల లెక్క

ఏటా వేసవిలో గోదావరి కాలవలు కట్టేస్తారు. నీళ్లు దిగిన కొద్ది రోజులకే కాలవ అడుగు బయటపడుతుంది. పాల ప్యాకెట్లు, డైపర్లు, థర్మోకోల్ ముక్కలు, గుర్రపుడెక్క వేళ్లకు చుట్టుకుపోయిన క్యారీబ్యాగులు అన్నీ అక్కడే కనిపిస్తాయి. మళ్లీ కాలవలు వదిలితే ఆ నీళ్లే వరిచేలకు, ఊరి మంచినీటి చెరువులకు, సమ్మర్ స్టోరేజి ట్యాంకులకు పోతాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ ఈ కాలవల మీదే బతుకుతున్నాయి. అందుకే "చెత్త ఊరవతల పోయించేశాం" అన్న మాట ఇక్కడ చెల్లదు. ఊరవతల ఉండేది కాలవ గట్టు, వరిచేను, రొయ్యల చెరువు. ఎత్తుగా, పొడిగా, ఎవరికీ అక్కరలేని జాగా డెల్టాలో దొరకడం కష్టం.

పాత ఇళ్లకు దొడ్డి ఉండేది. కూరగాయల తొక్కలు గేదె కుడితిలోకి, అరిటాకులు పెంటకుప్పలోకి పోయేవి. వేసవిలో ఆ కుప్ప బండెక్కి చేలోకి వెళ్లేది. ఇప్పుడు దొడ్డి పోయి అపార్ట్‌మెంట్ వచ్చింది గానీ వంటిల్లు మారలేదు. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, తణుకు, అమలాపురం, ఎక్కడ చూసినా ఐదంతస్తుల్లోని వంటిళ్లన్నిటి చెత్తా ఒకే గేటు దాటాలి. ఒకే మెయింటెనెన్స్ కింద నాలుగైదు బ్లాకులు, కింద షాపులు, పక్కన హాస్టల్ నడిపేవాళ్లూ ఉన్నారు. ఇలాంటి చోట్ల చెత్త తగ్గించే ప్రయత్నం సాధారణంగా రంగు డబ్బాలు కొనడంతో మొదలవుతుంది. చాలాసార్లు అక్కడితోనే ఆగిపోతుంది.

డబ్బాల కన్నా ముందు కావాల్సింది కాటా. 60 ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు చొప్పున 240 మంది అనుకుందాం. మనిషికి రోజుకు 350 నుంచి 400 గ్రాముల చెత్త వేసుకుంటే మొత్తం 84 నుంచి 96 కిలోలు. ఆదివారాలు, పండగలు వస్తే 100 దాటుతుంది. ఈ 100 కిలోల దగ్గరే చట్టం మాట్లాడటం మొదలుపెడుతుంది. రోజుకు సగటున అంతకు మించి చెత్త వచ్చే చోట్లను 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే పెద్ద మొత్తంలో చెత్త పుట్టించేవాళ్ల (బల్క్ వేస్ట్ జనరేటర్ల) ప్రత్యేక జాబితాలో పెట్టాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి వాటి స్థానంలో వచ్చిన కొత్త నియమాల్లో ఆ జాబితాకు మూడు కొలతలున్నాయి: 100 కిలోల చెత్త, 20,000 చదరపు మీటర్ల అంతస్తుల విస్తీర్ణం, రోజుకు 40,000 లీటర్ల నీటి వాడకం. వీటిలో ఏ ఒక్కటి చేరినా చాలు. పట్టణ నీటి సరఫరాకు వాడే మామూలు లెక్క మనిషికి రోజుకు 135 లీటర్లు. ఆ ప్రకారం 300 మంది అంటే 40,500 లీటర్లు. అంటే 75 ఫ్లాట్లకే గీత దాటేసినట్టు. విడివిడిగా చిన్నవే అయినా ఒకే యాజమాన్యం కింద ఉన్న బ్లాకుల విషయంలో "మాది చిన్న అపార్ట్‌మెంటే కదా" అనుకునే ముందు నీళ్ల మోటారు ఎన్ని గంటలు ఆడుతోందో చూసుకోవాలి.

2024లో చెత్త పన్ను రద్దు ప్రకటించగానే, ఇక చెత్త బాధ్యతంతా మున్సిపాలిటీదే అనుకున్నవాళ్లు ఉన్నారు. పన్ను వేరు, ఈ నియమాలు వేరు. తడి చెత్తను వీలైనంతవరకు ప్రాంగణంలోనే ఎరువుగా మార్చాలన్న బాధ్యత పెద్ద నివాస సముదాయాల మీద 2016 నుంచే ఉంది.

కాటా ఒక వారం వేస్తే చాలు, మూడు అంకెలు తేలతాయి: తడి చెత్త ఎంత, పాత సామాన్ల కొట్లో అమ్ముడయ్యేది ఎంత, ఈ రెండూ కాక కలగాపులగంగా మున్సిపల్ బండెక్కేది ఎంత. మూడో అంకే గేటు దాటే అసలు చెత్త. మిగతా ఏర్పాట్లన్నీ దాన్ని తగ్గించడానికే. మొదటి వారం చాలాచోట్ల మొత్తం బరువంతా ఈ మూడో గడిలోనే పడుతుంది, ఎందుకంటే విడదీయడానికి వీల్లేని స్థితిలో చెత్త కిందికి దిగుతుంది.

సోమవారం పొద్దున సెల్లార్లో ఒక నల్ల కవరు విప్పితే సంగతి అర్థమవుతుంది. రొయ్యల తలకాయలు, పొట్టు, చేప పొలుసులు. వాటి మధ్య నానిపోయిన ఆన్‌లైన్ పార్శిల్ అట్టపెట్టె, సాంబారు అంటిన పేపరు, సగం నీళ్లున్న సీసా, గడియారంలోంచి తీసిన సెల్లు, మూల కత్తిరించిన పెరుగు ప్యాకెట్. అట్టపెట్టె విడిగా ఉంటే కాటాకెక్కేది. రొయ్యల పొట్టు విడిగా ఉంటే ఎరువయ్యేది. కలిపి ముడి వేయడంతో రెండూ పోయాయి. కత్తిరించిన ఆ ప్యాకెట్ మూల ఉందే, గోటంత ముక్క, అది ఎవరి చేతికీ చిక్కదు. ఊడ్చినప్పుడు మురుగు కాలవలో పడి, అక్కడి నుంచి పంట కాలవలోకి పోయేవి అలాంటి ముక్కలే. మూల పూర్తిగా తెగకుండా ప్యాకెట్‌కే వేలాడేలా కోసి, కడిగి ఆరేస్తే ముక్కా మిగలదు, కవరూ అమ్ముడవుతుంది.

ఫ్లాటు నుంచి సెల్లార్ దాకా చెత్త మూడు చేతులు మారుతుంది. వంట చేసేవాళ్లు, అంట్లు తోమే పనమ్మాయి, వాచ్‌మన్ ఇంట్లోవాళ్లు. అసోసియేషన్ మీటింగుకు వచ్చేది చాలావరకు ఈ మూడు చేతుల్లో ఒక్కటీ కానివాళ్లు. తడి-పొడి గురించి వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజికి దండం బొమ్మలు పెట్టేదీ వాళ్లే. పనమ్మాయి ఐదారు ఫ్లాట్లు చేస్తుంది. ఒక్కో ఇంట్లో ఒక్కో పద్ధతి ఉంటే ఆమె చివరికి అందరిళ్లలోనూ ఒకే పని చేస్తుంది: అన్నీ ఒకే కవర్లో వేసి ముడేస్తుంది. అందులో ఆమె తప్పు లేదు. అన్ని ఫ్లాట్లలోనూ సింకు కింద మూతున్న చిన్న బకెట్ తడికి, వరండాలో గోనెసంచి పొడికి అని ఒకే ఏర్పాటు పెట్టి, పనివాళ్లందరినీ ఒకసారి కూర్చోబెట్టి టీ ఇచ్చి చెబితే, నోటీసు బోర్డు ఆరు నెలల్లో చేయలేనిది రెండు వారాల్లో జరుగుతుంది. తడి చెత్తకు కవరు వాడకూడదన్న ఒక్క నియమం గట్టిగా అమలైతే సగం పని అయినట్టే. బకెట్ బోర్లిస్తే లోపల ఏముందో అందరికీ కనిపిస్తుంది, నల్ల కవరు దాన్ని దాచేస్తుంది. అంతస్తుకొకటి పెట్టే ఉమ్మడి డస్ట్‌బిన్లు తీసేయడం కూడా మేలే. ఎవరిదో తెలియని డబ్బాలో ఏది వేసినా అడిగేవాళ్లుండరు.

ఇంతకన్నా సున్నితమైన విషయం పాత సామాన్ల డబ్బు. చాలా అపార్ట్‌మెంట్లలో అట్టలు, సీసాలు, న్యూస్‌పేపర్లు ఏరి అమ్ముకునేది వాచ్‌మన్ కుటుంబం. జీతం తక్కువ కాబట్టి అదో ఆసరా. విడదీయడం మొదలై సరుకు పెరగగానే కమిటీలో ఎవరికో ఒక ఆలోచన వస్తుంది: ఈ డబ్బు అసోసియేషన్ ఖాతాలో వేస్తే లిఫ్టు రిపేరుకు పనికొస్తుంది కదా అని. ఆ నిర్ణయం తీసుకున్న చోట విడదీయడం నెల తిరక్కుండానే ఆగిపోతుంది. మురుగులో చేతులు పెట్టేవాళ్లకు రాబడి పోయి పని మాత్రం మిగిలితే ఇంకేం జరుగుతుంది? పాత సామాన్ల డబ్బు మొత్తం ఆ పని చేసేవాళ్లకే వదిలేయాలి, అది కూడా నోటిమాటగా కాకుండా తీర్మానం రాసి. బదులుగా అడగాల్సింది ఒక్కటే, రోజువారీ బరువుల పుస్తకం. గ్లౌజులు, సబ్బు, కడుక్కోవడానికి ఒక కుళాయి అసోసియేషన్ ఖర్చు. ఈ రాబడిని చూపించి జీతం తగ్గించడం మాత్రం అన్యాయమే.

కొట్లో ఏది కొంటారో తెలియకపోవడం ఇంకో ఇబ్బంది. ఇనుము, అల్యూమినియం, అట్ట, న్యూస్‌పేపరు, పెట్ సీసాలు, గట్టి ప్లాస్టిక్‌కు గిరాకీ ఉంటుంది. చిప్స్ ప్యాకెట్లలో ప్లాస్టిక్, లోహపు పొరలు అతుక్కుని ఉంటాయి, టీ కప్పులకు లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. వీటిని, థర్మోకోల్‌ను కొట్టువాడు చూడనైనా చూడడు. మూడు బాణాల గుర్తు ఉన్నంత మాత్రాన అది రీసైకిల్ అవుతుందనుకోవడం భ్రమ. కొనేవాడుంటేనే అవుతుంది. తడిసిన అట్టకు తరుగు తీస్తారు, బూజు పడితే వద్దంటారు. వానాకాలం సెల్లార్లలోకి నీళ్లొచ్చే డెల్టా ఊళ్లలో పొడి సరుకును నేల మీద పెట్టడమంటే దాన్ని పోగొట్టుకోవడమే. నేలకు రెండడుగుల ఎత్తున ఇనుప రాక్ ఒకటి ఉంటే చాలు.

ఇక్కడే పక్కనున్న ఒక వస్తువును చూడాలి. డెల్టాలో బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లెన్నో, అందుకే ఇంటింటికీ 20 లీటర్ల వాటర్ టిన్ను వస్తుంది. వందల టిన్నులు తిరుగుతున్నా చెత్తకుప్పలో ఒక్క టిన్ను కనబడదు. దానికి యజమాని ఉన్నాడు, డిపాజిట్ ఉంది, ఖాళీది ఇస్తేనే నిండుది వస్తుంది. దాని పక్కనే అర లీటరు సీసాకు ఇవేవీ లేవు. చెత్త తగ్గడానికి అవగాహన సదస్సుల కన్నా డిపాజిట్ ఎక్కువ పని చేస్తుందని రోజూ గుమ్మంలోకే వచ్చి నిరూపిస్తున్న వస్తువు ఇది.

ఇక తడి చెత్త. బరువులో సగానికి పైగా ఇదే, అవకాశమూ ఇక్కడే ఎక్కువ. దీన్ని గొయ్యి తీసి పూడ్చడం మెట్ట ప్రాంతాల్లో నడుస్తుంది. డెల్టాలో వానాకాలం రెండడుగులు తవ్వితే నీళ్లు ఊరే చోట్లున్నాయి, పైగా బంకమట్టి నేల. నీళ్లు నిలిచిన గోతిలో గాలి ఆడక చెత్త కుళ్లుతుంది, కంపు కొడుతుంది, అందులోంచి దిగే నల్లటి నీరు భూగర్భ జలంలో కలుస్తుంది. కాబట్టి ఇక్కడ ఎరువు తొట్టి నేల మీదే కట్టాలి. వరద నీరు చేరే మట్టం కన్నా ఎత్తున సిమెంటు అరుగు, దాని మీద ఇటుకల మధ్య సందులు వదిలిన జాలీ గోడ, పైన రేకు. రోజుకు 50 కిలోల తడి చెత్త, దానికి కలిపే ఊక, కొబ్బరి పొట్టు లాంటివాటితో సహా, 15 రోజులకు సుమారు 2 ఘనమీటర్లు అవుతుంది. 2 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తున్న తొట్లు నాలుగుంటే వంతులవారీగా నింపుకోవచ్చు. నాలుగోది నిండేసరికి మొదటిదానికి 45 రోజులు మాగే సమయం దొరుకుతుంది. నాలుగింటికీ కలిపి 8 చదరపు మీటర్లు, అంటే ఒక కారు పార్కింగ్ కన్నా తక్కువ జాగా. అయినా ఆ జాగా ఇవ్వడానికే అసలు గొడవంతా జరుగుతుంది.

వాసన వస్తుందన్న భయం నిరాధారం కాదు. వంటింటి చెత్తలో నీరూ నత్రజనీ ఎక్కువ, చేప, రొయ్య కలిస్తే మరీను. సూక్ష్మజీవులకు అనువైన కార్బన్-నైట్రోజన్ నిష్పత్తి, అంటే ఒక వంతు నత్రజనికి ఎన్ని వంతుల కార్బన్ అన్నది, 25 నుంచి 30. వంటింటి చెత్తలో అది తక్కువగా ఉంటుంది, వరిగడ్డిలో 80 దాకా ఉంటుంది. ఈ కార్బన్ లోటు పూడ్చే సరుకు డెల్టాలో కొదవే లేదు: రైసుమిల్లు ఊక, వరిగడ్డి, రంపపు పొట్టు, కోనసీమ పీచు యూనిట్ల దగ్గర గుట్టలుగా పడుండే కొబ్బరి పొట్టు. కొబ్బరి పొట్టు నీటిని పీల్చుకుంటుంది. ఊక తొందరగా కుళ్లదు గానీ మధ్యలో గాలి ఆడనిస్తుంది. రెండు బకెట్ల చెత్తకు ఒక బకెట్ పొట్టు, పైన పలచటి పేడనీళ్లు లేదా పుల్ల మజ్జిగ చిలకరింపు. రొయ్యల పొట్టు, చేప పొలుసులు ఎప్పుడూ తొట్టి నడిమధ్యన వేసి నాలుగు వేళ్ల మందం కొబ్బరి పొట్టో, రంపపు పొట్టో కప్పాలి, అంచుల్లో వేస్తే కాకులూ పందికొక్కులూ వదలవు. పైన వల తప్పనిసరి.

తొట్టి పని చేస్తోందా లేదా అన్నది తేల్చడానికి యంత్రాలక్కర్లేదు. ఒక ఇనుప చువ్వ మధ్యలో గుచ్చి పది నిమిషాలాగి తీస్తే చేతికి చురుక్కుమనాలి. మొదటి వారంలోనే లోపల 55 డిగ్రీలు దాటుతుంది, ఈగల పురుగులు ఆ వేడికి బతకవు. చువ్వ చల్లగా ఉంటే ఎండిపోయైనా ఉండాలి, నీరెక్కువైనా ఉండాలి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే పొట్టు కలిపి తిరగేయాలి. వానాకాలం కంపు ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం పొట్టు అయిపోయి ఎవరూ తెప్పించకపోవడం వల్ల వచ్చేవే. నెలకు సరిపడా పొట్టు బస్తాలు రేకు కింద నిల్వ ఉంటే ఈ టెన్షన్ ఉండదు.

24 గంటల్లో ఎరువు తీస్తామని చెప్పే కరెంటు యంత్రాల విషయంలో కాస్త అనుమానంగానే ఉండాలి. చాలావరకు అవి చేసేది చెత్తను వేడిచేసి ఎండబెట్టి పొడి చేయడం. బరువు తగ్గుతుంది, నిజమే. ఆ పొడిని కుండీలో వేసి నీళ్లు పోస్తే మళ్లీ కుళ్లడం మొదలవుతుంది. దాన్నీ కొన్ని వారాలు మాగబెట్టాల్సిందే. కరెంటు బిల్లు అదనం.

కొబ్బరి బొండాల సంగతి వేరు. పచ్చి డొక్క నీటి బరువుతో ఉంటుంది, గట్టి పీచు వల్ల తొట్టిలో నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. బోర్లించకుండా పారేస్తే వాన నీరు నిలిచి దోమలకు తొట్టెలవుతుంది. తొట్టిలో వేయకుండా నాలుగు ముక్కలుగా నరికి ఎండబెట్టి, నెలకోసారి పీచు తీసే యూనిట్‌కో, పొయ్యి కట్టెగా వాడుకునేవాళ్లకో ఇచ్చేయడం తేలిక.

50 కిలోల తడి చెత్త నుంచి వచ్చే మాగిన ఎరువు రోజుకు 10 కిలోల లెక్కన నెలకు 300 కిలోలు ఉండొచ్చు. దాంతో ఆదాయం వస్తుందని లెక్కలు వేయడం తొందరపాటే. కానీ కడియం, కడియపులంక నర్సరీలు పక్కనే ఉన్న ప్రాంతంలో ఎరువుకు చోటు లేకపోవడమన్నది ఉండదు. ప్లాస్టిక్ ముక్కలు లేకుండా జల్లెడ పట్టి ఉండాలి, అంతే. ఉచితంగా ఇచ్చినా గేటు దగ్గరి మూడో అంకె తగ్గుతుంది.

చెత్త పుట్టకుండా ఆపడానికి అపార్ట్‌మెంట్‌లో ఎక్కువ వీలున్నది ఫంక్షన్ల దగ్గర. పుట్టినరోజుకో, సత్యనారాయణ వ్రతానికో 200 మంది వస్తే మనిషికి రెండు అర లీటరు సీసాల చొప్పున 400 సీసాలు, వాటికి తోడు బఫే ప్లేట్లు, ఐస్‌క్రీం కప్పులు, అన్నీ ఒక్క రాత్రికి. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు నిషేధంలో ఉన్నాయి, నీళ్ల సీసాలు అందులో లేవు. అసోసియేషనే 200 స్టీలు కంచాలు, గ్లాసులు కొని, కడిగేవాళ్లకు కూలి కలిపి అద్దెకిస్తే సీసాల బదులు టిన్నులు వాటంతటవే వస్తాయి. రావులపాలెం అరటి మార్కెట్ ఉన్న డెల్టాలో ప్లాస్టిక్ పూత పూసిన ఆకు బొమ్మ ప్లేటులో భోంచేయడం వింతే. అసలు అరిటాకు చింపి వేస్తే తొట్టిలో వారాల్లో కలిసిపోతుంది. అనుమతి పొందిన హాలు కాని చోట 100 మందికి మించిన కార్యక్రమం చేస్తే మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు చెప్పి, చెత్త విడదీసి ఇవ్వాలని 2016 నియమాల్లోనే ఉంది. ఆ సంగతి పెళ్లి కార్డులు పంచేవాళ్లలో ఎంతమందికి తెలుసో మరి.

సంక్రాంతి ఇంకో ఉప్పెన. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి పిల్లలు దిగుతారు, ఇళ్లు దులుపుతారు, విరిగిన కుర్చీలు, పాత పరుపులు, టైర్లు భోగి మంట వైపు నడుస్తాయి. పిడకలు, కట్టెలు కాలిస్తే అది భోగి. ఫోమ్ పరుపు కాలిస్తే విషపు పొగ. బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000, పెద్ద ఎత్తున అయితే 25,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లో చెప్పింది. పండక్కి ముందు వారం పాత సామాన్లు దించే రోజు ఒకటి పెట్టి, కొట్టువాణ్ణి గేటు దగ్గరికే రప్పిస్తే చాలావరకు మంటకు చేరదు. పాత ఫోన్లు, చార్జర్లు, ట్యూబులైట్లు కూడా అప్పుడే ఒక పెట్టెలో పోగేసి నమోదైన రీసైక్లర్‌కు ఇవ్వొచ్చు. 2025 జనవరి నుంచి రాష్ట్రంలో ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం నడుస్తోంది, ఏడాది పొడవునా ఇలాంటి పోగేతకు ఆ రోజు అనువుగా ఉంటుంది.

డైపర్లు, ప్యాడ్లకు మాత్రం మంచి జవాబు లేదు. కొత్త నియమాలు తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త (బల్బులు, మందుల్లాంటివి) అని నాలుగు రకాలుగా విడదీయమంటున్నాయి. ముసలివాళ్లు, పసిపిల్లలు ఉన్న అపార్ట్‌మెంట్లలో శానిటరీ చెత్త బరువు తక్కువేం కాదు. పేపర్లో చుట్టి ఎర్ర గుర్తు పెట్టి విడిగా దించడం, ఆ డబ్బాను మున్సిపల్ బండి దాకా ఎవరూ విప్పకుండా చూడటం వరకే అపార్ట్‌మెంట్ చేయగలిగేది. సెల్లార్ వెనక డ్రమ్ములో తగలబెట్టడం ఎంతమాత్రం కాదు.

నాలుగైదు బ్లాకులు నడిపే యాజమాన్యానికి బరువుల పుస్తకం ఇంకో రకంగా పనికొస్తుంది. ఫ్లాటుకు ఎన్ని కిలోల కలగాపులగం చెత్త అని బ్లాకులవారీగా పోలిస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. ఒక బ్లాకులో ఎక్కువుంటే తరచూ కారణం అద్దెకున్నవాళ్ల నిర్లక్ష్యం అంటారు. చాలాసార్లు వాళ్లకు ఎవరూ చెప్పనే లేదన్నది అసలు కారణం. ఓనరు ఎక్కడో అమెరికాలో ఉంటాడు, మీటింగుకు అద్దెవాళ్లను పిలవరు. అద్దె అగ్రిమెంటులో ఒక్క వాక్యం, తాళాలు ఇచ్చే రోజే బకెట్, గోనెసంచి చేతిలో పెట్టడం, ఈ రెండూ ఓనరు ఊళ్లో లేకపోయినా జరిగే పనులే. అంతకన్నా పెద్ద కుదుపు వాచ్‌మన్ మారినప్పుడు వస్తుంది. పాతాయన వెళ్లాక రెండు రోజుల్లో తొట్టిలో పొట్టు వేయడం ఆగిపోతుంది, వారానికి కంపు, పదిహేను రోజులకు తొట్టి తీసేయమని గొడవ. కొత్త కుటుంబాన్ని ఒక వారం ముందే రప్పించి, ఆ వారం జీతం ఇద్దరికీ ఇచ్చి, పాతవాళ్ల చేతే చువ్వ గుచ్చడం నేర్పించి, పాత సామాన్ల కొట్టు బాకీ తేల్చి పుస్తకం అప్పజెప్పించాలి. మెయింటెనెన్స్ బడ్జెట్లో ఆ ఒక్క వారం జీతానికి ముందే చోటు పెట్టుకోవాలి.